పదమూడో తీగ

"ఒక తీగ లేదు సార్!"

సూపరింటెండెంట్ విరూపాక్షయ్య ఆ మాట అనేసరికి హాల్లో ఫ్యాను తప్ప మిగతా అన్నీ ఆగిపోయాయి.

గాజు పెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ మీద రాష్ట్ర ప్రామాణిక పాలగడ్డ కోత పరికరం పడుకుని ఉంది. ఇరవై నాలుగు తీగలు ఉండాల్సిన చట్రంలో ఇరవై మూడే ఉన్నాయి. పదమూడోది ఉండాల్సిన చోట, ముందు పన్ను ఊడిన నోరులా, ఖాళీ.

"మళ్ళీ లెక్కపెట్టండి," అన్నారు డైరెక్టర్ పరాంకుశం గారు.

"మూడుసార్లు పెట్టాను సార్."

"ఈసారి అటు చివర నుంచి పెట్టండి."

అటు చివర నుంచి పెట్టినా ఇరవై మూడే వచ్చాయి. డైరెక్టర్ గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. కమిషనర్ గారి కారు మూడున్నరకు గేటు దగ్గర ఆగుతుంది. ప్రామాణిక పరికరంతో మొట్టమొదటి గడ్డను ఆవిడ చేతుల మీదుగా కోయించాలి. అందుకోసం గుమ్మానికి మామిడాకులు కట్టారు, ఫోటోగ్రాఫర్‌కి టిఫిన్ కూడా పెట్టారు.

ఓబులమ్మ ఆ గొడవేమీ వినడం లేదు. హాలు మధ్యలో నలభై లీటర్ల స్టీలు తొట్టి మీదికి వంగి, కడుక్కున్న చూపుడు వేలిని గడ్డలోకి ఏటవాలుగా గుచ్చి, మెల్లగా పైకి లేపింది. గడ్డ గీత గీసినట్టు శుభ్రంగా చీలింది. చీలికలో తేట, పచ్చగా మెరుస్తూ, ఊరింది.

"గౌసియా, టైమెంత?"

"మూడూ పది అక్కా."

"మూడూ నలభై దాకా ఆగుతుంది. ఆపైన నా చేతుల్లో లేదు."

వెచ్చబెట్టిన పాలలో కొంచెం మజ్జిగ తోడేసి, పాలను పేరబెట్టే రెన్నెట్ మందు నాలుగు చుక్కలు కలిపి మూత పెడితే ముప్పావుగంటకి పాలు జెల్లీలా గడ్డకడతాయి. చీజ్ చేసేవాళ్ళకి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఆ గడ్డను వెంటనే, ఒకే సైజు ముక్కలుగా కోయాలి. అప్పుడే ప్రతి ముక్కలోంచీ తేట సమంగా దిగుతుంది. ముక్కలు ఎక్కువ తక్కువలైతే చిన్నవి ఎండిపోతాయి, పెద్దవి లోపల తడి దాచుకుని పులుస్తాయి. ఆలస్యమైతే గడ్డ బిగుసుకుపోయి, తీగ తగలగానే చిట్లిపోతుంది. చీజ్ చేద్దామని మొదలుపెట్టినది బర్రెల కుడితిలో తేలుతుంది.

తొట్టిలో ఉన్నవి అయిదిళ్ళ పాలు. ఓబులమ్మవి, గౌసియావి, వాళ్ళ వీధిలో ఇంకో ముగ్గురివి. ఇవాళ కోత సవ్యంగా జరిగితే పర్మిట్ చేతికొస్తుంది, జిల్లా కేంద్రంలో ఒక హోటలు వారం వారం చీజ్ తీసుకుంటానని మాటిచ్చింది. కోత తప్పితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి ఏడాది ఆగాలి. హోటలువాళ్ళు ఏడాది ఆగరు.

"సార్," అంది ఓబులమ్మ. "మీ పరికరం లేకపోతే పోయింది. నాది బీరువాలో ఉంది కదా. ఇప్పించండి, పది నిమిషాల్లో కోసేస్తా."

డైరెక్టర్ గారు ఆమె వైపు, కోర్టులో నవ్విన సాక్షిని చూసినట్టు చూశారు.

"మీ పరికరం ప్రామాణిక పరికరంతో సరిపోల్చబడేవరకు సీలులో ఉండవలసి ఉంది."

"ప్రామాణిక పరికరానికే తీగ లేదు కదా సార్."

"కనుక సరిపోల్చడం సాధ్యం కాదు. కనుక సీలు తీయడం సాధ్యం కాదు. ఇందులో మీకు అర్థం కానిదేముంది?"

ఈ చిక్కు అర్థం కావాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మూడేళ్ళ కింద ఒక పెద్దాయన పరదేశాలకు అధ్యయన యాత్ర వెళ్ళారు. అక్కడ ఉదయం ఫలహారంలో చీజ్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి రాష్ట్రంలో చీజ్ విప్లవం మొదలైపోయింది. ప్రతి ఇల్లూ ఒక చీజ్ కేంద్రం కావాలన్నారు. అయితే ఇంటింటా చీజ్ చేస్తే ఇంటింటా గడ్డ కోస్తారు, కోతకి తీగలు కావాలి, తీగ అంటే పదునైన వస్తువు, పదునైన వస్తువు అంటే శాంతిభద్రతల సమస్య అని ఎవరో ఫైలు మార్జిన్‌లో రాశారు. అలా పుట్టింది గృహ పాలగడ్డ కోత పరికరాల ప్రామాణీకరణ మండలి. మూడేళ్ళలో మండలికి సొంత భవనం, జీపు, పద్నాలుగు మంది సిబ్బంది, ఒక గీతం ఏర్పడ్డాయి. గడ్డ మాత్రం ఒక్కటీ కోయలేదు.

ఓబులమ్మ మొగుడిది చింతలగట్టు బస్టాండు పక్కన సైకిల్ షాపు. ఇరవై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని చక్రాల బెండు తీసిన చెయ్యి ఆమెది. పుల్లను వేలితో మీటి, మోత విని, ఏ పుల్ల వదులో చెప్పగలదు. చీజ్ నేర్చుకున్నాక, కత్తితో కోస్తే ముక్కలు సమంగా రావడం లేదని, స్టీలు పట్టీతో చట్రం వంచింది. సన్నటి స్టీలు తీగను అరంగుళానికొకటి బిగించింది. బిగించడానికి సైకిల్ పుల్లల చివర తిప్పే మరలు, నిప్పిళ్ళే వాడింది. ఒక చట్రంలో తీగలు నిలువు, ఇంకోదాంట్లో అడ్డం. నిలువు చట్రం తొట్టిలో పొడవునా ఒకసారి, వెడల్పునా ఒకసారి, తరవాత అడ్డచట్రం ఒకసారి. అంతే. గడ్డంతా పాచికల్లా ముక్కలైపోయేది.

మండలివాళ్ళకి ఈ సంగతి తెలిసి, జీపులో వచ్చి, రెండు చట్రాలూ పట్టుకుపోయారు. ఒక్కో తీగ ఒక్కో కత్తితో సమానమని నిబంధన. కాబట్టి ఓబులమ్మ నలభై ఎనిమిది కత్తులున్న మనిషి. దరఖాస్తుకని తీగకొకటి చొప్పున నలభై ఎనిమిది ఫారాలు నింపింది. ప్రతి ఫారానికీ సదరు తీగ పాస్‌పోర్టు సైజు ఫోటో అంటించాలి. ఫోటో స్టూడియో అతను మండలి ఆఫీసుకే వచ్చి మొదటి పది తీగలూ ఓపికగా తీశాడు, పదకొండో తీగ దగ్గర, "అక్కా, అన్నీ కవలపిల్లలే కదా, ఒకదాని ఫోటోనే కాపీలు కొట్టనా?" అన్నాడు. కాపీలని గుర్తుపట్టిన విరూపాక్షయ్య ఆ ఫారాలన్నీ తిప్పి పంపితే, మిగతా ముప్పై ఎనిమిదీ విడివిడిగా తీయించి మళ్ళీ పెట్టింది.

ఇదీ వెనకటి కథ. ఇక మూడూ పదిహేను.

డైరెక్టర్ గారు అక్కడికక్కడే ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు ఆయనే, సభ్యుడు విరూపాక్షయ్య. మూడో సభ్యుడి స్థానం మహిళకు కేటాయించబడింది, మండలిలో మహిళా సిబ్బంది లేరు కనుక ఖాళీగా ఉంచబడింది. హాలు తలుపులు మూయించారు.

"ముందుగా," అన్నారు, "వివాదాస్పద గడ్డ విషయంలో యథాతథ స్థితి ఉత్తర్వు జారీ చేయండి."

రెండు నిమిషాల్లో టైపు కొట్టిన కాగితం వచ్చింది. అటెండర్ మస్తాన్ జిగురు రాసి దాన్ని తొట్టికి అంటించాడు. గౌసియా వంగి పైకి చదివింది.

"'సదరు తొట్టెయందలి పాలగడ్డ, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము, ప్రస్తుతమున్న స్థితియందే కొనసాగవలెను. ఉల్లంఘించినచో తగు చర్య తీసుకొనబడును.' సార్, దీనికి చదువొచ్చా?"

"ఎవరికి?"

"గడ్డకి."

"అంటించడం వరకే మా బాధ్యత," అన్నాడు విరూపాక్షయ్య.

ఓబులమ్మ తొట్టి అంచు మీద చెయ్యి వేసింది. వెచ్చదనం తగ్గుతోంది. తొట్టి కింద వేడినీళ్ళ పళ్ళెంలో గౌసియా ఇంకో చెంబుడు నీళ్ళు పోసింది.

"సార్, పోనీ ఇంట్లో అట్లకాడ ఉంది. అదైనా తెచ్చుకోనివ్వండి."

"అట్లకాడ దోసెల శాఖ పరిధిలోనిది," అన్నారు డైరెక్టర్ గారు. అలాంటి శాఖ ఉందో లేదో ఓబులమ్మకి తెలియదు. ఆయన చెప్పిన తీరు చూస్తే ఉండే ఉంటుందనిపించింది.

"మరి దేంతో కోయాలి?"

విరూపాక్షయ్య నిబంధనల పుస్తకం తీసి వేలు తడిచేసుకున్నాడు. అతను మంచివాడే. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పారెయ్యలేదు, ఒక్క నిర్ణయం తీసుకోలేదు. "నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన క. ప్రామాణిక పరికరము లోపభూయిష్టమైనచో, అందుకు బాధ్యుడైన వ్యక్తి పేరు విచారణ సంఘము ఎదుట బిగ్గరగా ఉచ్చరించబడవలెను. ఉచ్చరించబడిన తక్షణమే, దరఖాస్తుదారు సొంత పరికరమునకు వేసిన సీలు దానంతటదే రద్దగును."

"అంటే?"

"ఎవరు తెంపారో ఆ పేరు పైకి చెప్తే చాలమ్మా. ఆ క్షణమే మీ చట్రాలు మీకిచ్చేస్తాం."

"ఇంతేనా! చెప్పండి మరి. ఎవరు తెంపారు?"

మండలి సిబ్బంది పద్నాలుగు మందీ హాల్లోనే ఉన్నారు. పద్నాలుగు మందీ ఒకేసారి తమ చెప్పుల వైపు చూసుకున్నారు.

ఓబులమ్మ ఆ చూపుల్ని గమనించింది. సైకిల్ షాపులో చక్రం తిరుగుతుంటే ఎక్కడ వంకర ఉందో అక్కడ కన్ను ఆగిపోతుంది. ఆమె కన్ను అలా ఆగింది. తిన్నగా గాజు పెట్టె దగ్గరికి నడిచింది.

"ముట్టుకోరాదు!" అన్నారు డైరెక్టర్ గారు.

"ముట్టుకోను సార్, చూస్తా."

చూసింది. పదమూడో తీగను బిగించిన నిప్పిల్ దగ్గర అరంగుళం ముక్క మిగిలి ఉంది, చివర మెలికపడి. తుప్పు పట్టి పోయిన తీగ అలా మెలిక పడదు. గట్టిదానిలో ఇరుక్కుని, పైనుంచి బలంగా నొక్కితే తెగిన తీగ అలా ఉంటుంది. ఆ నిప్పిల్ చుట్టూ ఏదో కదులుతోంది.

"సార్, మీ పెట్టెలో చీమలున్నాయి."

విచారణ సంఘం మొత్తం గాజు మీదికి వంగింది. నిజమే. వరస కట్టిన ఎర్రచీమలు మఖమల్ గుడ్డ అంచు మీంచి ఎక్కి, చట్రం చుట్టూ ప్రదక్షిణం చేసి, కింది సందులోంచి దిగిపోతున్నాయి.

డైరెక్టర్ గారి ముఖం వికసించింది. "చీమలు! అయితే ఇందులో అనధికార ప్రవేశం ఉంది. విరూపాక్షయ్యా, చీమల ప్రమేయాన్ని తోసిపుచ్చలేమని రాయండి."

"చీమలు స్టీలు తీగ ఎత్తుకుపోతాయా సార్?" అంది గౌసియా.

"సమష్టి కృషి అమ్మా. సమష్టి కృషిని తక్కువ అంచనా వేయరాదు."

"వాటికి పేర్లుండవు సార్," అని విరూపాక్షయ్య వినయంగా గుర్తుచేశాడు. "ఉపనిబంధన క ప్రకారం పేరు కావాలి."

డైరెక్టర్ గారి ముఖం మళ్ళీ ముడుచుకుంది.

ఈలోగా ఓబులమ్మ చట్రం మీదే చూపు నిలిపింది. పన్నెండో నిప్పిల్ సందులో ఎర్రటి పొర ఒకటి ఇరుక్కుని ఉంది. ఉల్లిపొర కన్నా పలచన. రాయలసీమలో పుట్టిన ఏ మనిషికీ దాన్ని గుర్తుపట్టడానికి పరిశోధన శాల అవసరం లేదు.

"చెనక్కాయ పొట్టు," అంది.

ఎవరో దగ్గారు.

"చీమలొచ్చింది బెల్లానికి. పొట్టు చెనక్కాయది. బెల్లమూ చెనక్కాయలూ కలిస్తే ఏమంటారు గౌసియా?"

"పల్లీపాకం అంటారక్కా."

"పాలగడ్డ కోసే తీగతో ఎవరో పల్లీపాకం కోశారు సార్. వెన్నలాంటి గడ్డకి బిగించిన తీగ అది. రాయిలాంటి పాకంలో దింపితే తెగక ఏం చేస్తుంది?"

సిబ్బందిలో పదమూడు నోళ్ళు ఒక తియ్యటి జ్ఞాపకాన్ని మింగాయి. డైరెక్టర్ గారు కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు.

టైము మూడూ ఇరవై రెండు.

"విచారణ పరిపక్వ దశకు చేరుకుంది," అన్నారు డైరెక్టర్ గారు ఆకాశం నుంచి దిగి. "మస్తాన్, ఇలా రా."

మస్తాన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఇంకో రెండేళ్ళలో పెన్షన్. జిగురు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"ఈ గాజు పెట్టె రోజూ తుడిచేది ఎవరు?"

"నేనే సార్. బయట తుడుస్తా. తాళం చెవి మీ దగ్గరుంటాది."

"బయట తుడిచిన కంపన ప్రభావం లోపల ఉండదని నువ్వు హామీ ఇవ్వగలవా?"

మస్తాన్ ఆలోచించాడు. "హామీ అంటే... ఎట్లిస్తాను సార్?"

"ఇవ్వలేనంటున్నాడు, రాసుకోండి. విచారణ ముగిసింది." డైరెక్టర్ గారు ఓబులమ్మ వైపు తిరిగి, గొంతులో తేనె కలిపారు. "చూడమ్మా. దరఖాస్తుదారు హోదాలో మీరు సాక్షి సంతకం పెడితే చాలు. ఆ పేరు నేను ఉచ్చరిస్తాను. సీలు ఊడుతుంది. మీ గడ్డ మీరు కోసుకోవచ్చు. పర్మిట్ మీద నా సంతకం సిద్ధంగా ఉంది. అందరికీ లాభమే."

"మస్తాన్ అన్నకి ఏమవుతుంది?"

"నియమానుసారం చర్య. పెన్షన్ పునఃపరిశీలన. అది పెద్ద విషయం కాదు."

ఓబులమ్మ చేతిలోకి కాగితం, పెన్నూ వచ్చాయి. ఆమె గడ్డ వైపు చూసింది. వేలు గుచ్చి చూసింది. ఇందాకటి కన్నా బిగువు పెరిగింది. మూడూ ఇరవై ఆరు. వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని ఈపాటికి తమ పాలు ఏమయ్యాయోనని ఎదురుచూస్తుంటారు.

మస్తాన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పెట్టెయ్ చెల్లెమ్మా. పాలు చెడిపోతాయి. నాదేముంది, ఈ ఆఫీసులో ఏది విరిగినా నా పేరే. జీపు గేరు విరిగినప్పుడు కూడా నాదే. నాకు డ్రైవింగే రాదు."

"నువ్వు తిన్నావా అన్నా, ఆ పాకం?"

"నాకు పళ్ళు లేవు."

గౌసియా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, పద్నాలుగు నిమిషాలే ఉన్నాయి. ఏదో ఒకటి తేల్చు. నేనైతే... నేనైతే ఏం చేస్తానో నాకూ తెలీడంలా."

ఓబులమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"సంతకం పెట్టను సార్. ఆ పేరు నేనే చెప్తా. మీ అందరికీ తెలిసిందే, నాకూ తెలిసిపోయింది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఆయనే..."

"ఆగండి!" విరూపాక్షయ్య చెయ్యెత్తాడు. అతని నుదుటి మీద చెమట. "ఉపనిబంధన గ. సదరు పేరును ఆ కార్యాలయపు గెజిటెడ్ అధికారి మాత్రమే ఉచ్చరించవలెను. ఇతరులు ఉచ్చరించినచో అది ఉచ్చారణగా పరిగణింపబడదు."

"ఈ ఆఫీసులో గెజిటెడ్ అధికారులు ఎంతమంది?"

"డైరెక్టర్ గారు ఒక్కరే."

"మరి తెంపింది ఆయనే అయితే?"

విరూపాక్షయ్య పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. "అట్లాంటి సందర్భాన్ని నిబంధనలు ఊహించలేదమ్మా."

డైరెక్టర్ గారు ఈ సంభాషణ విననట్టు మామిడాకుల వైపు వెళ్ళి, ఒక ఆకు సరిచేశారు.

ఓబులమ్మ విరూపాక్షయ్యని స్టోరు గది గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళింది. అతను లాగబడ్డాడు. నిర్ణయం వేరేవాళ్ళు తీసుకుంటే వెళ్ళడం అతనికి అలవాటే.

"సార్, ఒక్క మాట అడుగుతా. ఆ పెట్టె తాళం తీసిన ప్రతిసారీ ఎక్కడైనా రాస్తారా? లేక ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసేసుకుంటారా?"

విరూపాక్షయ్య దెబ్బతిన్నట్టు చూశాడు. "తోచినట్టా? ముప్పై ఏళ్ళ సర్వీసమ్మా నాది! పరికరం అంగుళం కదిలినా కదలిక రిజిస్టర్లో ఎక్కాల్సిందే. పోయిన మంగళవారం కూడా రాశాను. సార్‌కి ప్రశంసాపత్రం వచ్చిందని పళ్ళెమంత పాకం అచ్చు తెచ్చారు. ముక్కలు పెద్దా చిన్నా అని రెండు యూనియన్లకీ తగువొస్తుందని, ప్రామాణిక సైజులో కోద్దామని..." అక్కడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"రాశారా? ఉన్నదున్నట్టు?"

"ఉన్నదున్నట్టే. ఎన్ని తీగలతో తీసుకున్నారు, ఎన్ని తీగలతో తిరిగిచ్చారు, ఏ పని నిమిత్తం. కింద సార్ సంతకం కూడా ఉంది."

"ఆయన చూసే సంతకం పెట్టారా?"

"సంతకం ఎక్కడ పెట్టాలో ఆ చోటు చూస్తారు. పైది చదవరు. ఈ ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికే ఉన్నాయమ్మా. చదవడానికి ఇంతవరకూ ఎవరికీ ఉత్తర్వులు లేవు."

"అయితే రేపు విచారణ నివేదికలో మస్తాన్ పేరుంటుంది. మీ రిజిస్టర్లో ఇంకో పేరుంటుంది. రెండూ మీ చేతిరాతే."

విరూపాక్షయ్య ముఖంలో రక్తం ఇంకిపోయింది. మస్తాన్ పెన్షన్ మాట విన్నప్పుడు కూడా అతను ఇంతగా కదల్లేదు. రెండు రికార్డులు ఒకదాన్నొకటి అబద్ధమనడం అతని జీవితంలో ఎన్నడూ జరగలేదు.

"అమ్మా, నేను నోరు తెరిచి చెప్పలేను," అన్నాడు గుసగుసగా. "నాకు అధికారం లేదు." కొంచెం ఆగాడు. "కానీ, రిజిస్టరు తెరిచి సార్ ముందుకి పుటప్ చేయగలను."

బయట కారు హారన్ మోగింది.

కమిషనర్ అపరాజిత గారు హాల్లోకి రావడమే వాచీ చూసుకుంటూ వచ్చారు. "నాలుగున్నరకి నాకు ఇంకో ప్రారంభోత్సవం ఉంది. ఏది, ఎక్కడ కోయాలి?" అన్నారు. ఫోటోగ్రాఫర్ లేచి నిలబడ్డాడు. డైరెక్టర్ గారు పూలగుత్తి అందించి, వంగి, విషయం వివరించారు. స్వల్ప సాంకేతిక అవాంతరం, తక్షణ విచారణ, సత్వర ఫలితం. వివరణ అయ్యేసరికి మూడూ ముప్పై నాలుగు.

"బాధ్యుడు తేలాడా?"

"తేలాడు మేడమ్. పేరు ఉచ్చరించడమే తరువాయి."

"ఉచ్చరించండి, త్వరగా. మినిట్స్‌లో రావాలి. రికార్డు ఆధారం ఉందా?"

జవాబు చెప్పే ముందు ఆలోచించి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. కానీ పాతికేళ్ళుగా ఆ ప్రశ్నకి డైరెక్టర్ గారి నోట ఒకటే జవాబు వస్తుంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సమస్తం రికార్డులో ఉంది మేడమ్."

"అయితే రికార్డు చూసే చదవండి."

విరూపాక్షయ్య ముందుకొచ్చి, రెండు చేతులతో, పేజీ తెరిచి, రిజిస్టరు డైరెక్టర్ గారి ముందు పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అదే వంగడం, అదే వినయం. డైరెక్టర్ గారు అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసి, ఎక్కడ సంతకం పెట్టాలా అని చూశారు. సంతకం అప్పటికే ఉంది.

"చదవాలి సార్," అన్నాడు విరూపాక్షయ్య.

ఓబులమ్మ చేతులు కడుక్కుని, కొంగు నడుముకి చుట్టింది. మస్తాన్ బీరువాలోంచి సీలు వేసిన మూట తెచ్చి తొట్టి పక్కన పెట్టి, లక్క మీద సుత్తి ఆనించి నిలబడ్డాడు. గౌసియా తొట్టిలో వేలు గుచ్చి చూసి, ఓబులమ్మకి నాలుగు వేళ్ళు చూపించింది. నాలుగు నిమిషాలు.

డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు గంభీరమైనది. మండలి గీతం కూడా ఆయనే పాడారు.

"'కదలిక రిజిస్టరు, పుట నలభై ఒకటి. మంగళవారము, ఉదయము పదకొండు గంటలకు, రాష్ట్ర ప్రామాణిక పాలగడ్డ కోత పరికరమును, ఇరవై నాలుగు తీగలతో, మంచి స్థితిలో స్వీకరించి...'"

మొదటి వాక్యం ఆయనకి నచ్చింది. రెండో వాక్యంలోకి ఇంకా గంభీరంగా దిగారు.

"'...పల్లీపాకము కోత నిమిత్తము వినియోగించి...'"

అక్కడ స్వరం కొంచెం జారింది.

"'...పాకము గట్టిగా ఉన్నందున, వద్దని సూపరింటెండెంటు మనవి చేసినను, బలముగా నొక్కి...' విరూపాక్షయ్యా, ఈ చేతిరాత అర్థం కావడం లేదు."

"మీరే మెచ్చుకున్న చేతిరాత సార్."

"కళ్ళజోడు కారులో..."

"కళ్ళకే ఉంది," అన్నారు కమిషనర్ గారు. "కానివ్వండి. నాకు టైము లేదు."

"'...బలముగా నొక్కి, తెంపి, ఇరవై మూడు తీగలతో తిరిగి అప్పగించినవారు...'"

డైరెక్టర్ గారు ఆగారు. ఫోటోగ్రాఫర్ ఏదో ముఖ్యమైన ఘట్టమనుకుని ఫ్లాష్ కొట్టాడు. మిగతా సిబ్బంది అంతా చెప్పుల మీంచి చూపులెత్తారు, మొదటిసారి.

"అప్పగించినవారు?" అన్నారు కమిషనర్ గారు.

"ఇది... అంతర్గత పరిశీలనలో ఉన్న అంశం మేడమ్. తదుపరి సమావేశంలో..."

"సార్," అంది ఓబులమ్మ. గొంతు పెంచలేదు. "రెండే నిమిషాలున్నాయి. అయిదిళ్ళ పాలు సార్."

"బిగ్గరగా, సార్," అన్నాడు విరూపాక్షయ్య, వంగిన నడుము ఎత్తకుండానే. "ఉపనిబంధన క."

డైరెక్టర్ గారు హాలంతా ఒకసారి చూశారు. మస్తాన్ సుత్తి పైకెత్తి ఉన్నాడు. కమిషనర్ గారు వాచీ చూసుకుంటున్నారు. పేజీ మీద ఉన్నది చదవకుండా వదిలెయ్యడానికి ఏ నిబంధనా లేదు. అన్ని నిబంధనలూ తనే రాశారు, ఆయనకి తెలుసు.

"శ్రీ పరాంకుశం," అన్నారు పరాంకుశం గారు, బిగ్గరగా. "డైరెక్టర్."